ఒక్క దిక్కు చూచు ప్రోటానులు



లక్ష్యమనగానే మనకు ద్రుపదుని సభలోని మత్స్యయంత్రము జ్ఞప్తికి వచ్చును. విల్లెక్కుపెట్టిన అర్జునుని అందరును కొనియాడుదురు. ఆ చేపబొమ్మను చేసి, తిరుగునట్లు పైన నిలిపిన శిల్పిని ఎవరును తలపరు. ఈ కాలపు కేంద్రక శాస్త్రమునందును ఇట్టి తారతమ్యమే కానవచ్చును. మైలు, రెండు మైళ్ల పొడవున ఎలక్ట్రానులను తరుము మహాయంత్రముల పేర్లు పత్రికలలో చదువుచుందుము. ఆ ఎలక్ట్రానులు పోయి తగులు చిటికెడు పదార్థమును గూర్చి చదువుట అరుదు. నేడు నేను ఆ చిటికెడు పదార్థము చరిత్రను చెప్పదలచితిని. శాస్త్రజ్ఞులు దానికి ధ్రువిత ఘనలక్ష్యమని పేరు పెట్టిరి. ప్రోటాను లోపలి సంగతిని గూర్చి 1988లో వెలువడిన ఒక సమాధానము లోకమునందలి భౌతికశాస్త్రజ్ఞుల నందరిని ఆశ్చర్యపరచెను. ఆ సమాధానము యంత్రముల బలమువలన ఎంత లభించినదో, లక్ష్యమును సిద్ధముచేసిన వారి ఓర్పువలనను అంతయే లభించినదని నా మనవి.

వ్యాకరణము చదివి బడిలో పాఠములు చెప్పినవానికి ఈ విషయముతో నేమి పని యని మీరు అడుగవచ్చును. పూర్వపక్షము, సిద్ధాంతము అను క్రమమునకు అలవాటుపడిన వారికి ఈ కథ పరాయిది కాదు. సిద్ధాంతమని అందరును నమ్మినది ఒక్క కొలతతో పూర్వపక్షమైపోయిన ఉదంతము ఇందు కలదు.

ముందుగా ఒక పదము విషయము. పాశ్చాత్యులు స్పిన్ అను దానిని మనము భ్రమణము అనుచున్నాము. ఈ పదమును యోగార్థమున గ్రహింపరాదు. కుశలుడనగా దర్భలు కోసి తెచ్చువాడని అవయవార్థము. లోకమున నేర్పరి యని రూఢి. అట్లే భ్రమణమనినంత మాత్రమున ప్రోటాను బొంగరమువలె గిరగిర తిరుగుచున్నదని తలపరాదు. ప్రతి ప్రోటానునకును మార్పులేని కోణీయ ద్రవ్యవేగము కొంత కలదు. దానితోపాటు అది అతి సూక్ష్మమైన అయస్కాంతము వలె ప్రవర్తించును. ఒక దిక్కును ఎంచుకొని కొలిచినచో రెండే సమాధానములు వచ్చును: ఆ దిక్కునకు అనుకూలము, లేదా ప్రతికూలము. నడుమ మరియొకటి లేదు. ఒక పదార్థమునందలి ప్రోటానులలో ఒకవైపు చూచునవి రెండవవైపు చూచువానికంటె హెచ్చుగా నున్నచో, ఆ పదార్థము ధ్రువితమైనదందుము. నూటికి 95 ఒకవైపును, 5 రెండవవైపును చూచినచో ధ్రువణము నూటికి 90. ఇరువైపుల సమముగా నున్నచో ధ్రువణము సున్న.

ఈ రెండు దిక్కుల సంగతి 1922లో బయటపడెను. జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరమందు స్టెర్న్, గెర్లాక్ అనువారు వెండి పరమాణువుల ధారను అసమమైన అయస్కాంత క్షేత్రము గుండ పోనిచ్చిరి. ధార రెండు పాయలుగా చీలెను. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను యువకులు ఎలక్ట్రానునకు స్వతస్సిద్ధమైన భ్రమణము కలదని ప్రతిపాదించిరి. అటుపిమ్మట 1933లో స్టెర్న్ హాంబర్గులో ఫ్రిష్ మొదలగువారి తోడ్పాటుతో ప్రోటాను అయస్కాంత బలమును కొలువ పూనుకొనెను. ఫలితమేమగునో ముందే తెలిసినదని సిద్ధాంతవేత్తలు పలువురు తలచిరి. ప్రోటాను అవయవములు లేని బిందువైనచో, ఒక ప్రమాణమునందు దాని బలము 1 కావలెను. స్టెర్నునకు వచ్చినది సుమారు రెండున్నర. నేడు సూక్ష్మముగా కొలువగా 2.79 అని తేలినది. ప్రోటాను నిరవయవము కాదనుటకు ఇది తొలి సాక్ష్యము. ఆ సంవత్సరముననే నాజీ ప్రభుత్వపు శాసనముల మూలమున స్టెర్న్ జర్మనీని విడిచి అమెరికాకు వెడలిపోయెను. 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు లభించెను.

ప్రోటాను లోపల ఏమున్నదో చూచుటకు ఎలక్ట్రాను మంచి సాధనము. మనకు తెలిసినంతవరకు దానికి అవయవములు లేవు. అది విద్యుదయస్కాంత బలముచేతనే ప్రోటానును తాకును. ఆ బలము నియమములు మనకు బాగుగ తెలియును. కొలబద్ద సరియైనదని తెలిసినపుడే కదా గుడ్డ పొడవు నమ్మదగినదగును! 1950 తరువాత స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రానులను కేంద్రకముల మీద ప్రయోగించి, అవి చెదరిపోవు తీరును కొలిచి, ప్రోటానునకు పరిమాణము కలదని నిరూపించెను. ఇట్లు చెదరుటను పరిక్షేపణమందురు. 1961లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. 1964లో గెల్‌మన్, జ్వైగ్ అనువారు వేరువేరుగా ప్రోటాను మూడు క్వార్కుల కూడికయని ఊహించిరి. స్టాన్‌ఫర్డులోనే 2 మైళ్ల పొడవుగల నూతన యంత్రము నిర్మింపబడగా, 1967 మొదలుకొని ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్ అనువారి బృందము ప్రోటాను లోపల బిందుప్రాయములైన కణికలు ఉన్నవని కనుగొనెను. వారికి 1990లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక సిద్ధాంతము సులభముగా కనబడెను. ప్రోటాను భ్రమణము అర. ప్రతి క్వార్కు భ్రమణమును అరయే. రెండు ఒకవైపును ఒకటి ఎదురువైపును చూచినచో మిగులునది అర. కూడికలో లోపము లేదు. కొందరు లెక్కను మరికొంత సవరించి, క్వార్కులు ప్రోటాను భ్రమణములో నూటికి 60 పాళ్ల వరకు ఇచ్చుననిరి. అయినను లోపలికి చూచి లెక్కపెట్టిన వారెవరును లేరు. లెక్కపెట్టవలెనన్నచో, భ్రమణము ఒకే దిక్కున ఉన్న ఎలక్ట్రానులను, భ్రమణము ఒకే దిక్కున ఉన్న ప్రోటానులమీద ప్రయోగింపవలెను. ఎలక్ట్రానుకు ఎదురుగా తిరిగిన క్వార్కు దానిని హెచ్చుగా చెదరగొట్టును. అనువుగా తిరిగినది తక్కువగా చెదరగొట్టును. కావున రెండు విధముల ప్రయోగించి, చెదరిన ఎలక్ట్రానుల సంఖ్యలలోని భేదమును చూచినచో, క్వార్కులు ఎటు చూచుచున్నవో తెలియును. చెప్పుటకు రెండు వాక్యములు. చేయుటకు రెండు తరములు పట్టినది.

కష్టమెచ్చట నున్నదో వినుడు. ప్రోటాను చిన్న అయస్కాంతము కదా, పెద్ద అయస్కాంతము నడుమ నుంచినచో అన్నియు ఒకే దిక్కునకు తిరుగవా యని తోచును. వేడిమి తిరుగనీయదు. పదార్థములోని ప్రతి పరమాణువును వేడిమిచే కంపించుచు, పొరుగుదానిని కుదుపుచుండును. భూమి అయస్కాంత క్షేత్రమునకు సుమారు లక్ష రెట్లు బలముగల 5 టెస్లాల క్షేత్రమును పెట్టి, పరమశూన్య ఉష్ణోగ్రతకు ఒక్క డిగ్రీ దూరమున, అనగా సున్నకు దిగువ 272 సెంటిగ్రేడు డిగ్రీల చలిలో నుంచినను, ప్రోటానుల ధ్రువణము నూటికి అరకు మించదు. 400 ప్రోటానులలో 201 ఒకవైపును, 199 రెండవవైపును చూచును. అంతటి అయస్కాంతమును అంతటి చలిని కూర్చి సంపాదించినది రెండు ప్రోటానుల మొగ్గు మాత్రమే!

అయితే ఎలక్ట్రాను అయస్కాంత బలము ప్రోటాను బలమునకు 658 రెట్లు. అదే క్షేత్రమునందు, అదే చలిలో, జతలేని ఎలక్ట్రానులు నూటికి 99 పాళ్లకు పైగా ఒకే దిక్కు చూచును. ఎలక్ట్రానులకు ఇంత సులభముగా లభించిన క్రమశిక్షణను ప్రోటానులకు అందించుట ఎట్లు? ఈ ప్రశ్నకు మార్గము చూపినవాడు అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున నుండిన ఓవర్‌హౌజర్ అను యువకుడు. 1953లో ఆయన, లోహములందలి ఎలక్ట్రానులను తగిన తరంగములచే కలతపెట్టినచో కేంద్రకముల ధ్రువణము వందలాది రెట్లు హెచ్చునని చెప్పెను. ఆ శాస్త్రమున పేరుమోసిన పెద్దలు పలువురు మొదట నమ్మలేదు. వేడిచేసినట్టి పనివలన క్రమము హెచ్చుట విపరీతముగా తోచెను. ఆ సంవత్సరముననే అచ్చటి స్లిక్టర్, కార్వర్ అనువారు లిథియము లోహముతో ప్రయోగించి చూడగా ఓవర్‌హౌజర్ మాట నిజమని తేలెను. తరువాత కాలిఫోర్నియాలో జెఫ్రీస్, ఫ్రాన్సులో అబ్రగామ్, అమెరికా నుండి వచ్చిన ప్రాక్టర్ అనువారు లోహములు కాని ఘనపదార్థములకును ఈ ఉపాయము చెల్లునని 1957, 1958 సంవత్సరములలో చూపిరి.

ఈ ఉపాయమును మన పల్లెల ఏతముతో పోల్చవచ్చును. పదార్థములో అక్కడక్కడ జతలేని ఎలక్ట్రానులను చల్లుదురు. వేలకొలది ప్రోటానులకు ఒక్క ఎలక్ట్రాను చాలును. పిమ్మట మైక్రో తరంగములను పదార్థముమీదికి పంపుదురు. ఆ తరంగముల లెక్క సరిగా కుదిరినపుడు, ఎలక్ట్రానును దాని పొరుగు ప్రోటానును ఒక్కసారిగా దిక్కు మార్చుకొనును. ఎలక్ట్రాను క్షణములో వెయ్యవవంతు కాలములోనే తన పూర్వపు దిక్కునకు తిరిగి వచ్చును. ప్రోటానునకు అంత తొందర లేదు. తిరిగిన వైపే చాలసేపు నిలుచును. ఇంతలో ఎలక్ట్రాను మరియొక ప్రోటానును తిప్పుటకు సిద్ధముగా నుండును. ఏతపు బాన నూతిలో మునిగి నీరు తెచ్చి, కుమ్మరించి, మరల మునుగునట్లే ఇదియును. కాలువ దగ్గరి మడి తడిసిన పిమ్మట నీరు పక్క మడికి పారును గదా! అట్లే దగ్గరి ప్రోటానుల దిక్కు దూరపు ప్రోటానులకు క్రమముగా ప్రాకును. ఇందొక విశేషము కలదు. తరంగముల సంఖ్యను కొంచెము పెంచిన ఒక దిక్కును, కొంచెము తగ్గించిన దానికి ఎదురు దిక్కును లభించును. పెద్ద అయస్కాంతమును కదల్పకయే ప్రోటానులను అటునిటు త్రిప్పవచ్చును. ఈ సౌకర్యము కొలతలలోని దొంగలెక్కలను పట్టుటకు ఎంతో ఉపకరించెను.

ఇట్లు ధ్రువితమైన పదార్థమును లక్ష్యముగా నిలిపి కణములను ప్రయోగించిన తొలి ఘనత పారిస్ నగర సమీపమున సాక్లే పరిశోధనాలయమునందలి అబ్రగామ్ బృందమునకు చెందును. అది 1962వ సంవత్సరము. మరుసటి సంవత్సరమున బర్క్‌లీ నగరమున ఛాంబర్లేన్, జెఫ్రీస్ మొదలగువారును ఇట్టి ప్రయోగమునే వేరొక కణముతో చేసిరి. వారు వాడినది లాంతనము, మెగ్నీషియము కలిసిన నైట్రేటు స్ఫటికము. దానిలో కొద్దిపాటి నియోడిమియమును కలిపి జతలేని ఎలక్ట్రానులను సమకూర్చిరి. ఆ స్ఫటికములోని నీటియందలి హైడ్రోజను కేంద్రకములే ధ్రువిత ప్రోటానులు. ధ్రువణము నూటికి 70 వరకు వచ్చెను. చూచుటకు ముచ్చటైన స్ఫటికమే గాని, దానికి రెండు దోషములుండెను. మొదటిది, ఆ స్ఫటికపు బరువులో ఉపయోగించు ప్రోటానులు నూటికి 3 మాత్రమే. తక్కిన 97 పాళ్లును తవుడువంటివి. ఎలక్ట్రాను వానికి తగిలి చెదరినచో కొలతకు పనికిరాదు. రెండవది, తీవ్రమైన కణధార సోకినచో స్ఫటికము త్వరలో చెడి ధ్రువణమును కోల్పోవును. ఎలక్ట్రానుల ప్రయోగమునకు తీవ్రధార లేనిదే పని జరుగదు. కావున ఈ స్ఫటికము ఎలక్ట్రానుల పరీక్షకు నిలువలేకపోయెను.

పరీక్షించు ధారయే పరీక్షింపబడు వస్తువును పాడుచేయుచుండగా ఏమి చేయవలెను? ఇచ్చట నుండి కథ యంతయు పదార్థమును వెదకుటయే. 1969లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయమున మాంగో, రునొల్ఫ్‌సన్, బోర్గీని అనువారు బ్యుటనాల్ అను సారాయిజాతి ద్రవమును వాడి చూపిరి. దానిలో పోర్ఫిరెక్సైడు అను పదార్థమును కలిపి, ద్రవ నైట్రోజనులోనికి చుక్కలు చుక్కలుగా విడుతురు. శనగపిండి నూనెలో పడి బూందీ యగునట్లు, ఆ చుక్కలు చలికి గడ్డకట్టి గుండ్రని పూసలగును. బ్యుటనాలులో ఉపయోగించు ప్రోటానులు 74 పాళ్లకు 10, అనగా నూటికి పదమూడున్నర. స్ఫటికముకంటె నాలుగు రెట్లు మేలు. కణధారకు ఓర్చుకొను శక్తియు స్ఫటికముకంటె ఎంతో హెచ్చు. పూసల మధ్య ద్రవ హీలియము పారుటకు సందులుండుటచే, ధార పుట్టించు వేడిమి త్వరగా తొలగిపోవును.

ఈ పూసలతోనే ఏల్ విశ్వవిద్యాలయపు వెర్నన్ హ్యూస్ నాయకత్వమున ఒక బృందము స్టాన్‌ఫర్డు మహాయంత్రమువద్ద మొదటి గొప్ప ప్రయోగమును చేసెను. ఎలక్ట్రానులును ధ్రువితములు, ప్రోటానులును ధ్రువితములు. లిథియము పరమాణువులను ఒక దిక్కునకు తిప్పి, అతినీల కాంతిచే వానినుండి ఎలక్ట్రానులను ఊడదీసి, ఆ ఎలక్ట్రానులను యంత్రములోనికి పంపిరి. తొలి ఫలితము 1976లో అచ్చయ్యెను. హెచ్చు శక్తితో చేసిన రెండవ విడత ఫలితము 1983లో వెలువడెను. ఎదురుబొదురుగా నున్నపుడు చెదరినవి హెచ్చు. ఒకే దిక్కున నున్నపుడు తక్కువ. క్వార్కులను గూర్చిన ఊహకు ఇది అనుకూలము. అందరును తృప్తిపడిరి.

అయితే ఆ భేదమును పట్టుట ఎంత కష్టమో చిన్న లెక్కతో చూపెదను. నిజమైన భేదము నూటికి 10 అనుకొందము. ఎలక్ట్రానుల ధ్రువణము నూటికి 80. ప్రోటానుల ధ్రువణము నూటికి 80. ఉపయోగించు ప్రోటానులు నూటికి 15. ఈ మూడింటిని గుణించినచో వచ్చునది సుమారు పదవవంతు. కావున యంత్రమునకు కనబడు భేదము నూటికి 1 మాత్రమే. లక్ష్యపు ధ్రువణము సగమైనచో, అదే నిశ్చయమునకు రావలెనన్న నాలుగు రెట్ల కాలము యంత్రమును నడుపవలెను. లక్ష్యమును బాగుచేసినవాడు మహాయంత్రమునకు నాలుగు రెట్ల ఆయుర్దాయము పోసినవాడే యగును.

బ్యుటనాల్ పూసలును కొన్ని గంటలకు దెబ్బతినుచుండెను. వానిని కొంత వేడిచేసి సేదదీర్చి, మరల చల్లార్చవలెను. అట్లు పలుమార్లు చేసిన పిమ్మట పారవేసి కొత్తవి పెట్టవలెను. ఇంతకంటె గట్టి పదార్థము కావలసివచ్చెను. అది అమ్మోనియా యని తేలెను. దానిలో 17 పాళ్లకు 3, అనగా నూటికి పదిహేడున్నరకు పైగా, ప్రోటానులు ఉపయోగించును. అయితే అమ్మోనియాలో పోర్ఫిరెక్సైడువంటి పదార్థమును కలిపిన ప్రయత్నములు చక్కగా ఫలింపలేదు. 1979లో సెర్నులో నీనికోస్కి, ర్యుబ్లాన్ అనువారు గడ్డకట్టిన అమ్మోనియాను ముందుగానే కణధారకు గురిచేసి, అందువలన పుట్టిన జతలేని ఎలక్ట్రానులనే ఏతములుగా వాడి, నూటికి 90కి మించిన ధ్రువణమును సాధించిరి.

ఇందలి చమత్కారమును గమనింపుడు. ఏ ధార మునుపటి లక్ష్యములను చెరుపుచుండెనో, ఆ ధారయే ఈ లక్ష్యమునకు ప్రాణము పోసినది. విషము మోతాదున ఔషధమగునని మన వైద్యులు చెప్పు మాట ఇచ్చట అక్షరాల సరిపోయెను. అమ్మోనియా వాయువును గడ్డకట్టించి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా పగులగొట్టి, ద్రవ ఆర్గానులో ముంచి, చిన్న యంత్రముయొక్క ఎలక్ట్రాను ధారకు గురిచేయుదురు. తెల్లని ముక్కలు ముదురు ఊదా వన్నెకు తిరుగును. ఆ వన్నెయే లోపల జతలేని ఎలక్ట్రానులు పుట్టినవనుటకు గుర్తు. వానిని ద్రవ నైట్రోజనులో దాచి, కావలసినపుడు తీసి వాడుదురు. ప్రయోగకాలమున ధ్రువణము తగ్గినచో, ద్రవ నైట్రోజను మరుగు వేడిమి వరకు గాని మరికొంత పైకి గాని వెచ్చచేసి, మరల చల్లార్చిన చాలును, చాలవరకు కోలుకొనును. బ్యుటనాలుకంటె పదిరెట్లకు పైగా ధారను ఇది ఓర్చుకొనును. 1990లో మిచిగన్ విశ్వవిద్యాలయమున క్రాబ్ మొదలగువారు 5 టెస్లాల క్షేత్రమున, 1 కెల్విన్ వద్ద, అమ్మోనియాలో నూటికి 96 ధ్రువణమును చూపిరి. మునుపు అదే చలిలో అదే క్షేత్రమున ప్రకృతి ఇచ్చినది నూటికి అర యని శ్రోతలు మరువరాదు.

ఇంతటి ధ్రువణము వచ్చినదని ఎట్లు తెలియును? లక్ష్యములో చిన్న తీగచుట్టను అమర్చి, రేడియో తరంగములను పంపి, ప్రోటానులు వానిని ఎంత గ్రహించినవో చూతురు. 1946లో బ్లాక్, పర్సెల్ అనువారు వేరువేరుగా కనుగొన్న పద్ధతి యిది. నేడు వైద్యశాలలలో రోగి శరీరమును పరీక్షించు పెద్ద అయస్కాంత యంత్రములకును ఇదియే మూలము. అయినను తీగచుట్ట ఇచ్చునది గురుతు మాత్రమే. దానిని సంఖ్యగా మార్చుటకు తూనికరాయి కావలెను. ఆ తూనికరాయి మనము పనికిరాదని త్రోసివేసిన ఆ అరపాలు ధ్రువణమే. మైక్రో తరంగములను ఆపి, ప్రోటానులను వాని మానాన విడిచినచో, అవి ప్రకృతి నియమము ననుసరించి నిలుచు ధ్రువణమును లెక్కకట్టి నిశ్చయముగా చెప్పవచ్చును. ఆ స్వల్పపు గురుతును గంటలకొలది ఓర్పుతో కొలిచి, పెద్ద గురుతు దానికి ఎన్ని రెట్లో చూతురు. ఈ చిన్న కొలతలో తప్పు దొరలినచో చివరి ఫలితము మొత్తము తప్పును.

ఇక ఆశ్చర్యకరమైన ఘట్టము. సెర్నులో యూరోపియన్ మ్యూయాన్ బృందము అనువారు ఎలక్ట్రానులకు మారుగా మ్యూయానులను వాడిరి. మ్యూయాను ఎలక్ట్రాను జాతిదే. బరువు సుమారు 207 రెట్లు. అమ్మోనియా లక్ష్యమును ఒకదాని వెనుక ఒకటిగా రెండు భాగములు చేసి, ఒకదానిలోని ప్రోటానులను ఒకవైపును, రెండవదానిలోనివానిని ఎదురువైపును నిలిపిరి. ఒకే ధార రెండింటి గుండ పోవుటచే ధారలోని హెచ్చుతగ్గులు రెండింటికిని సమానమే. 10,000 కోట్లనుండి 20,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల మ్యూయానులు, స్టాన్‌ఫర్డువారు చూడలేని మూలలవరకు ప్రోటానును చూచినవి. 1988లో ఫలితము అచ్చయ్యెను. విపులమైన వ్యాసము 1989లో వచ్చెను. ప్రోటాను భ్రమణములో క్వార్కుల భ్రమణముల వంతు నూటికి 12 మాత్రమే. కొలతలోని అనిశ్చయమును పరిగణించినచో సున్నయైనను కావచ్చును. నూటికి 60 అని తలచినచోట ఇంతేనా!

శాస్త్రజ్ఞులు దీనికి ప్రోటాను భ్రమణ సంక్షోభమని పేరు పెట్టిరి. కొందరు కొలతను శంకించిరి. కొందరు సిద్ధాంతమును శంకించిరి. శంకను తీర్చుటకు మార్గమొక్కటే: వేరొకచోట, వేరొక ధారతో, వేరొక లక్ష్యముతో మరల కొలుచుట. సెర్నులోనే హ్యూస్ నాయకుడుగా క్రొత్త బృందము మ్యూయానులతో పని సాగించెను. స్టాన్‌ఫర్డులో 1993లో 2900 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రానులను అమ్మోనియా లక్ష్యముమీద ప్రయోగించిరి. లక్ష్యమును సిద్ధముచేయుటలో వర్జీనియా విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. ఒకేచోట తగిలినచో ముక్కలు మాడిపోవునని ధారను లక్ష్యముఖమంతట చెదరునట్లు కదలించుచుండిరి.

న్యూట్రాను సంగతియు తెలియవలసియుండెను. 1966లో బ్యోర్కెన్ అను సిద్ధాంతవేత్త ప్రోటాను, న్యూట్రానుల ఫలితములకు గల భేదము ఎంత కావలెనో సూత్రముగా చెప్పియుండెను. అప్పట్లో ఆయనయే ఆ సూత్రమునకు ప్రయోజనము లేదని తలచెను. విడి న్యూట్రానులను లక్ష్యముగా పోగుచేయుట సాధ్యము కాదు. కావున హైడ్రోజనునకు మారుగా, ప్రోటాను న్యూట్రానులు జంటగా నుండు డ్యుటీరియము గల అమ్మోనియాను వాడిరి. 1997లో స్టాన్‌ఫర్డువారు లిథియము, డ్యుటీరియము కలిసిన ఘనపదార్థమును వాడిరి; దానిలో ఉపయోగించు పాలు సగమువరకు ఉండును. హీలియము-3 వాయువుతో చేసిన ప్రయోగములును తోడ్పడినవి. అన్నిచోట్ల కొలతలు కలిసినపుడు, ప్రయోజనము లేదనుకొన్న బ్యోర్కెన్ సూత్రము నిలిచెను. క్వార్కుల వంతు నూటికి సుమారు 30 అని స్థిరపడెను. సున్న కాదు, 60 కాదు. సంక్షోభము కొంత తగ్గెను గాని ప్రశ్న మిగిలెను.

మిగిలిన 70 పాళ్లు ఎక్కడివి? క్వార్కులను బంధించి యుంచు గ్లువానులు కొంత ఇచ్చునని, అమెరికాలో బ్రూక్‌హేవెన్ నందు ధ్రువిత ప్రోటానులను ఎదురెదురుగా ఢీకొట్టించిన ప్రయోగములవలన 2014లో సాక్ష్యము లభించెను. క్వార్కులును గ్లువానులును ప్రోటాను లోపల పరిభ్రమించుటవలన మరికొంత రావలెను. ఆ లెక్కను తేల్చుటకై వర్జీనియాలోని జెఫర్సన్ పరిశోధనాలయమున 2022, 2023 సంవత్సరములలో మరల ఊదావన్నె అమ్మోనియా ముక్కలమీదనే ఎలక్ట్రానులను ప్రయోగించిరి. అరువదేండ్లలో యంత్రములు మారినవి. లెక్కపెట్టు పరికరములు మారినవి. లక్ష్యముచెంత మాత్రము ద్రవ హీలియము, బలమైన అయస్కాంతము, మైక్రో తరంగములు, చిటికెడు మంచు అను నాలుగును అట్లే నిలిచియున్నవి.

శ్రోతలారా, కణాదుడు వాడిన పరమాణు శబ్దమును మనము నేటి శాస్త్రమునకు అరువు తెచ్చుకొంటిమి. శబ్దము ఒకటియైనంత మాత్రమున అర్థము ఒకటి కాదు. ఈ ఫలితములు మన పూర్వులకు తెలియునని చెప్పుకొనుట వారికిని గౌరవము కాదు. అయితే వారు నేర్పిన ఒక క్రమము ఇచ్చట చక్కగా కనబడుచున్నది. ప్రమేయమును తెలియుటకు ప్రమాణము కావలెను. ప్రమాణము దోషరహితమని ముందుగా తేల్చుకొనవలెను. 1988లో సిద్ధాంతము తలక్రిందైనపుడు ఆ సంఖ్యను లోకము త్రోసివేయలేకపోవుటకు కారణము, లక్ష్యములోని ప్రోటానులు ఎంతవరకు ఏ దిక్కు చూచుచున్నవో, వానిని నిలిపినవారు నమ్మకముగా చెప్పగలుగుటయే. వారిలో పలువురి పేర్లు మీరు ఈ పూటనే మొదటిసారి విని యుందురు. అవి మీ జ్ఞాపకమున కొన్నాళ్లు నిలిచినచో నా ప్రసంగము సఫలమైనట్లే.